చర్చకు ముందే బస్సు

"సంస్కార చూసేదానికి పోతాండా" అంటే మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఎవురే హీరో?" గిరీష్ కార్నాడ్ అన్నాను. "ఆయప్ప ముసిలాయన కదే!" అంది. 1970లో తీసిన సినిమా మా, అప్పుడాయన వయసులోనే ఉన్నాడు అని చెప్పి, తొమ్మిదికంతా ఇంట్లో ఉంటానని మాటిచ్చి బయటపడ్డాను. మాది హొసకోట. సినిమా వేసేది బెంగళూరు అవతలి కొసన, నాటకాలూ కచేరీలూ జరిగే ఒక చిన్న కళాకేంద్రంలో. రెండు బస్సులు మారాలి.

హాల్లో నూరు కుర్చీలుంటాయేమో, సగం కూడా నిండలేదు. టికెట్ లేదు. తలుపు దగ్గర ఒక డబ్బా పెట్టారు, ఎవరికి తోచింది వాళ్లు వేయొచ్చు. ఇంటర్వెల్ లేదు, పాప్‌కార్న్ అంతకన్నా లేదు. ఎక్కువమంది తెల్లజుట్టు వాళ్లే. ఆడవాళ్లం నాతో కలిపి ముగ్గురం. లైట్లు ఆరాయి, తెరమీద పేర్లు పడ్డాయి. దర్శకుడి పేరు పట్టాభిరామరెడ్డి అని చూసి కుర్చీలో ముందుకు జరిగాను. ఆ పేరు మన నోట్సులో ఉంది! 'ఫిడేలు రాగాల డజన్', 1939, ఆధునిక కవిత్వం, రెండు మార్కుల ప్రశ్న. ఆ పఠాభే ఈయన. నెల్లూరు మనిషి, తెలుగులో వచన కవిత్వాన్ని అల్లరల్లరి చేసిన కవి, కన్నడంలో కొత్త సినిమాకు తలుపు తీశాడు. అనంతమూర్తి నవల మీద తీసిన ఆ సినిమాను మొదట సెన్సార్ వాళ్లు ఆపేశారు. తర్వాత విడుదలై, ఆ ఏడాది దేశం మొత్తానికీ ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది. ఇదంతా మన రెండు మార్కుల జవాబులో లేదు. మేడమ్ తప్పు కాదు, గైడు తప్పు.

కథ చాలామందికి తెలిసే ఉంటుంది. నారణప్ప అనే ఆచారం తప్పిన బ్రాహ్మడు చనిపోతాడు. శవానికి సంస్కారం ఎవరు చేయాలన్న దాని మీద అగ్రహారమంతా శాస్త్రాలు తిరగేస్తుంది. శవం కుళ్లుతూ ఉంటుంది, ఊళ్లో ప్లేగు. ఆ పెద్దలంతా తర్కించుకుంటూ ఉండగా, నారణప్పతో ఉన్న చంద్రి మాత్రం రాత్రికి రాత్రి ఆ శవాన్ని దహనం చేయించేస్తుంది. ఎవరికీ చెప్పదు, ఎవరినీ తిట్టదు. చంద్రిగా వేసింది స్నేహలతారెడ్డి, పఠాభి గారి భార్య. ఎమర్జెన్సీలో ఆమెను బెంగళూరు జైల్లో నెలల తరబడి పెట్టారు. అసలే ఉబ్బసం మనిషి. విడుదలైన కొద్ది రోజులకే, 1977 జనవరిలో చనిపోయింది. ఈ సంగతి నాకు ఆ హాల్లో సినిమాకు ముందు ఒక పెద్దాయన చెప్పిన నాలుగు మాటల్లో తెలిసింది. అది తెలిసి తెరమీద ఆమెను చూడ్డం వేరేగా ఉంటుంది.

సినిమా అయింది. "ఇప్పుడు చర్చ" అన్నారు. నేను బ్యాగు తీసుకుని లేచాను, ఏడున్నర. మిగిలిన ఇద్దరు ఆడవాళ్లూ లేచారు. తలుపు దాకా వచ్చేసరికి వెనక మైకులో ఒకాయన చంద్రి పాత్ర గురించే మొదలుపెట్టాడు. ఆమె ప్రాణేశాచార్యుడికి ఒక పరీక్ష అట, ఒక ప్రతీక అట. అదేం కాదు సార్, ఆ ఊళ్లో పని చేసిన మనిషి ఆమె ఒక్కతే అని నాకు గట్టిగా చెప్పాలనిపించింది. కానీ బస్సు ఉంది. బస్సులో హొసకోట దాకా ఆ మాట నాలోనే తిరిగింది. చంద్రి గురించి ఆ రాత్రి చర్చించిన వాళ్లలో ఒక్క ఆడది లేదు.

ఇంకొకటి కూడా నన్ను గుచ్చింది. షో మొదలయ్యే ముందు పక్క కుర్చీ ఆయన నా చేతిలో తెలుగు పుస్తకం చూసి, "మీ తెలుగులో ఇట్లాంటి సినిమాలు ఏమున్నాయమ్మా?" అని మర్యాదగానే అడిగాడు. 'కేరాఫ్ కంచరపాలెం' అన్నాను. విశాఖ కంచరపాలెం జనమే నటించారు, 2018 అని కూడా చెప్పాను. "ఇంకా?" అన్నాడు. ఇంకా నాకు తెలియదు. తెలుగు బీఏ రెండో సంవత్సరం చదువుతూ తెలియదు.

వెతికితే తెలిసింది. మృణాల్ సేన్ 1977లో తెలుగులో 'ఒక ఊరి కథ' తీశాడు. ప్రేమ్‌చంద్ 'కఫన్' కథ దానికి మూలం. అందులో ముసలి వెంకయ్యగా వేసింది ఎవరనుకున్నారు? మన ఎం.వి. వాసుదేవరావు, 'చోమన దుడి'కి 1975లో జాతీయ ఉత్తమ నటుడైన కన్నడాయన. గౌతమ్ ఘోష్ 'మా భూమి' తీశాడు, తెలంగాణ సాయుధ పోరాటం మీద. దాని నిర్మాతల్లో ఒకరైన బి. నర్సింగరావు 1988లో తానే 'దాసి' తీశాడు. దానికి అయిదు జాతీయ అవార్డులు. తెలుగాయన కన్నడంలో తీశాడు, బెంగాలీలు తెలుగులో తీశారు, కన్నడ నటుడు తెలుగు కూలివాడయ్యాడు. సరిహద్దులో పుట్టి మూడు భాషలు నంజుకు తినే మనలాంటి వాళ్లకు ఇంతకన్నా సొంత సినిమాలు ఏముంటాయి చెప్పండి?

మన క్లాసులో 'కల్ట్' అనే మాట రోజూ వినిపిస్తుంది. 'ఖలేజా' కల్ట్, 'ఆరెంజ్' కల్ట్. ఆ రెండూ 2010లో వచ్చి హాల్లో దెబ్బతిన్నవే. మరి ఎట్లా బతికాయి? టీవీ బతికించింది. ఆదివారం మధ్యాహ్నాలు మళ్లీ మళ్లీ వేశారు, మనం చిన్నప్పుడు అన్నం తింటూ చూశాం, డైలాగులు నోటికొచ్చాయి. తర్వాత రీరిలీజ్ చేస్తే విజిల్స్ వేసుకుంటూ పోయాం. నేనూ పోయాను, గొంతు బొంగురుపోయేలా అరిచాను, సిగ్గేం లేదు. నేను చెప్పేదేమంటే, మొదటిసారి ఓడిపోయిన సినిమాకు రెండోసారి చూసేవాళ్లు దొరికితేనే కల్ట్ అవుతుంది. ఖలేజాకు ఆ రెండో అవకాశం టీవీ ఇచ్చింది. 'దాసి'కి ఎవరిస్తారు? ఏ చానెలూ ఆదివారం మధ్యాహ్నం 'దాసి' వేయదు. దానికి మిగిలింది ఆ నూరు కుర్చీల హాలే. కలకత్తాలో సత్యజిత్ రాయ్ వాళ్లు 1947లో ఫిల్మ్ సొసైటీ పెట్టినప్పటినుంచీ, మన బనశంకరిలో 1971 నుంచి ఉన్న సుచిత్ర దాకా, ఇట్లాంటి చోట్లే ఈ సినిమాలను ప్రాణాలతో ఉంచాయి. కేరళలో జాన్ అబ్రహం మిత్రులు ఇంకో అడుగు వేశారు. జనం దగ్గర చందాలు వసూలు చేసి 'అమ్మ అరియాన్' తీసి, ఊరూరా తీసుకెళ్లి చూపించారు.

ఫోన్‌లో చూస్తే సరిపోదా అని నా బెంచీ స్నేహితురాలు అడిగింది. 'దాసి' నేను ఫోన్‌లోనే చూశాను, బస్సులో, మూడు రోజులు మూడు ముక్కలుగా. నిజాం కాలపు దొర గడీలో కమలాక్షి అనే దాసి కథ. అర్చన వేసింది. మాటలు చాలా తక్కువ. ఆ పిల్ల ఊడుస్తుంది, నీళ్లు మోస్తుంది, పిలిస్తే పోతుంది. ఆ మౌనమే సినిమా. నా బస్సులో ఆ మౌనం నిండా కండక్టరు అరుపులు. మధ్యలో అమ్మ ఫోను, పెరుగు తెమ్మని. ముందుకు జరుపుదామని వేలు ఎన్నిసార్లు లేచిందో నాకే తెలుసు. చీకటి హాల్లో నలుగురితో కూర్చుంటే వేలికి ఆ పని ఉండదు.

నిద్రొస్తుంది కదా అనేది ఇంకో మాట. వస్తుంది. అవార్డు వచ్చిందని ప్రతి సినిమా బాగుంటుందని నేను ఒట్టేయను. ఒకదానికి నేనే హాయిగా నిద్రపోయాను, లేచేసరికి అదే కిటికీ, అదే వాన. పైగా ఆ హాళ్లకొచ్చే పెద్దలు కొందరు విజిల్ వేసే ప్రేక్షకుల్ని పురుగుల్లా మాట్లాడతారు, అది నాకు నచ్చదు. మా నాయన చిరంజీవి సినిమా చూసి ఏడ్చిన మనిషి. ఆయన 'ఒక ఊరి కథ' చూడలేడని ఎవరన్నారు? చూపించిన వాళ్లు లేరు, అంతే.

కానీ ఆ హాళ్ల వాళ్లతో నా అసలు తగువు టైము గురించి. సాయంత్రం షో పెట్టి, "ఆడపిల్లలు రావడం లేదు, ఈ తరానికి ఆసక్తి లేదు" అంటే ఎట్లా? మనలో సగంమంది హొసకోట, మాలూరు, చిక్కబళ్లాపురం వైపు నుంచి వచ్చేవాళ్లం. హాస్టల్ వాళ్లకు గేటు. సినిమా అయినా సగమే చూస్తాం, చర్చకు మాత్రం ఎప్పుడూ ఉండలేం. పెద్దవాళ్లు రాత్రి పదికి ఆటోలో పోగలరు కాబట్టి చంద్రి గురించి వాళ్లే మాట్లాడతారు.

అందుకని మేడమ్‌వాళ్లకు ఒక మనవి. నెలకొక శుక్రవారం మధ్యాహ్నం సెమినార్ హాలు మనకివ్వండి. ప్రొజెక్టర్ ఉంది, కర్టెన్లు రెండు చినిగాయి, అవి మేం కుట్టుకుంటాం. సినిమా హక్కులున్న వాళ్లకు అనుమతి కోసం ఉత్తరం డిపార్ట్‌మెంట్ పేరుతో పోతే మర్యాదగా ఉంటుంది. ఆ ఉత్తరం తెలుగులో, ఇంగ్లీషులో నేను రాసి పెట్టాను, సంతకం ఒక్కటే తక్కువ. నగరంలోని హాళ్లకు కూడా ఇంకో ఉత్తరం రాద్దాం, ఒక్క మ్యాట్నీ పెట్టమని, అందులో ఒక్క తెలుగు సినిమా వేయమని.

మొదటిది 'దాసి' కావాలని నా ఓటు. ఖలేజా కావాలనే వాళ్లు కూడా రండి, దాని గురించి కూడా వాదించుకుందాం. ఈ పత్రిక కింద మేకుకు ఒక నోటుబుక్కు కట్టాను, పెన్ను కూడా ఉంది, దయచేసి పెన్ను తీసుకుపోకండి. పేరు, ఊరు, మీ బస్సు టైము రాయండి. రెండింటికి మొదలుపెడితే సినిమా నాలుగుకు అయిపోతుంది. నా బస్సు అయిదుంబావుకు.