సుంకం రాయితీ ఎవరి ఖాతాలో జమ?

వర్ధమాన దేశాల సరుకులకు సంపన్న దేశాలు ఇచ్చే ప్రాధాన్య సుంకం గురించి మన ఎగుమతి వర్తకులలో ఒక భ్రమ ఉన్నది. ఆ రాయితీని వారు తమ లాభం కిందనే లెక్క కడుతున్నారు. కాని సుంకం చెల్లించేది అవతలి రేవులోని దిగుమతిదారు. కనుక రాయితీ ముందుగా చేరేది అతని చేతికే. అందులో ఎంత ఇవతలికి వస్తుందన్నది బేరం సంగతి.

భీమవరం ప్రాంతపు రొయ్యల వ్యాపారమే తీసుకోవచ్చు. యూరోపియన్ యూనియన్‌లో ఫ్రోజెన్ పచ్చి రొయ్యల మీద మామూలు సుంకం 12 శాతం. జి.ఎస్.పి. అనే ప్రాధాన్య పథకం కింద భారతదేశపు సరుకుకు అది 4.2 శాతం. రేవుకు చేరిన విలువ కోటి రూపాయలైతే తేడా 7 లక్షల 80 వేలు. చూడడానికి చిన్న మొత్తం కాదు.

అయితే పోటీ సరుకు మాటేమిటి? ఈక్వడార్ రొయ్యలు 2017 నుంచి వాణిజ్య ఒప్పందం కింద సుంకం లేకుండానే యూరప్‌లో దిగుతున్నాయి. 2020 ఆగస్టు నుంచి వియత్నాంకు కూడా అటువంటి ఒప్పందం అండ దొరికింది. ఇక కొనుగోలుదారు 12 శాతాన్ని ఎందుకు తలచుకుంటాడు? ఈక్వడార్ రేటు ముందు పెట్టి, తాను కట్టవలసిన 4.2 శాతం కోసి అడుగుతాడు. పేరుకు రాయితీయే గాని బేరంలో అది మన నెత్తిన భారంగా మారుతున్నది. దీనికి తోడు యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షకు తీసే కన్‌సైన్‌మెంట్లను యూరప్ 2016లో 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. రేవులో సరుకు ఆగితే ఆ ఖర్చు ఎవరి మీద పడుతుందో షిప్పర్లకు వేరుగా చెప్పనక్కరలేదు.

రాయితీ వల్ల ఆర్డర్లు పెరుగుతాయన్న వాదన పూర్తిగా కొట్టివేయదగినది కాదు. 2015 జనవరి 1 నుంచి థాయిలాండ్‌కు యూరప్ ఈ సదుపాయం నిలిపివేయగా ఆ దేశపు పచ్చి రొయ్యల సుంకం 4.2 నుంచి 12 శాతానికి ఎక్కింది. అటువంటప్పుడు కొనేవారు వేరే దేశాల వైపు చూడడం సహజమే. కాని థాయిలాండ్‌కు జరిగినది రేపు మరొకరికి జరగదన్న హామీ లేదు. 1968లో ఢిల్లీలో జరిగిన అంక్టాడ్ మహాసభ ఈ విధానాన్ని ఆమోదించింది. 1971లో యూరప్, 1976లో అమెరికా అమలులోకి తెచ్చాయి. ఇచ్చేవారు తమంతట తాము ఇచ్చినది, తమంతట తామే తీసివేయగలరు. 2019 జూన్ 5న అమెరికా భారతదేశానికి తీసివేసింది కూడా. దాని వల్ల కలిగే సుంకం లాభం సాలీనా 19 కోట్ల డాలర్లు మాత్రమేనని మన వాణిజ్య శాఖ అప్పట్లో సరిపెట్టుకున్నది.

తమాషా ఏమంటే, ఆ దెబ్బ రొయ్యలకు తగలలేదు. అమెరికాలో వాటి మీద మామూలు సుంకమే లేదు గనుక పోవడానికి రాయితీ అంటూ ఏమీ లేదు. అక్కడ రొయ్యల వర్తకులను బాధించినది 2005లో వచ్చిన యాంటీ డంపింగ్ సుంకమూ, 2025 ఆగస్టులో 50 శాతానికి చేరిన అదనపు సుంకమూను.

యూరప్‌తో స్వేచ్ఛా వాణిజ్య సంప్రదింపులు ముగిసినట్లు 2026 జనవరిలో ప్రకటన వెలువడగానే రేట్లు పెరుగుతాయన్న ఆశ రేగింది. ఒప్పందం మీద వచ్చే తగ్గింపు జి.ఎస్.పి. కన్న గట్టిదే. అయినా ఆ తగ్గింపు కూడా ముందు చేరేది దిగుమతిదారు చేతికే. ఇప్పటి కాంట్రాక్టులలో ధర ఏ సుంకం రేటు మీద కుదిరిందో రాసుకునేవారు తక్కువ. రేటు మారితే తేడాను ఇరుపక్షాలు ఎలా పంచుకోవాలో ఒక షరతు చేర్చడానికి ఖర్చేమీ లేదు. సరుకు పుట్టుక ధ్రువీకరించే రెక్స్ నంబరు, ఇన్‌వాయిస్ మీది ప్రకటన సరిగా లేకపోతే ఉన్న 4.2 శాతం కూడా దక్కదు. ఆ కాగితం తయారుచేసేది ఎగుమతిదారే గనుక, బేరంలో దానికి విలువ కట్టి అడిగే హక్కు అతనికి ఉన్నది.