‘ఏజెన్సీ’ అనే మాటలో మనం ఎక్కడున్నాం?

కొంచెం పెద్ద పోస్టు, తీరిక దొరికినప్పుడు చదవండి.

డిగ్రీలో చేరిన కొత్తలో హాస్టల్లో ఒక ఫ్రెండ్ "మీదెక్కడ?" అని అడిగాడు. "మాది ఏజెన్సీ" అన్నాను. "ఓ, గ్యాస్ ఏజెన్సీనా?" అన్నాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగాడు. వాడికి తెలిసిన ఏజెన్సీ అదే మరి. ఆ రోజు నవ్వేసి ఊరుకున్నా. తర్వాత ఆలోచిస్తే నాకూ సరిగ్గా తెలియదని అర్థమైంది. మన కొండలకి, మన ఊళ్లకి ఈ ఇంగ్లీషు పేరు ఎందుకొచ్చింది?

మొన్న ఒక తమ్ముడు "ఏజెన్సీ అనేది తెల్లోడు పెట్టిన పేరు, మనం వాడకూడదు, మన్యం అనే అనాలి" అని వాదించాడు. సగం ఒప్పుకుంటాను. మిగతా సగం ఎందుకు ఒప్పుకోనో చెప్పడానికే ఇదంతా.

లాటిన్‌లో ‘అగెరె’ అని ఒక క్రియ ఉంది. నడిపించడం, చేయడం అని అర్థం. యాక్ట్, యాక్షన్, అజెండా, ఏజెంట్ అన్నీ ఆ వేరు నుంచి వచ్చినవే. ఏజెన్సీకి ఇంగ్లీషులో రెండు పెద్ద అర్థాలున్నాయి. ఒకటి, ఇంకొకరి తరఫున పని చేయడం. ఇన్సూరెన్స్ ఏజెంటు, ట్రావెల్ ఏజెన్సీ, వార్తా ఏజెన్సీ, కాంట్రాక్టు ఉద్యోగాలిచ్చే ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ అన్నీ ఈ కోవలోవే. రెండోది దీనికి దాదాపు ఎదురు: తన గురించి తాను నిర్ణయం తీసుకుని, తనే పని చేయగలిగే శక్తి. సోషియాలజీ చదివేవాళ్లకి ఈ అర్థం బాగా తెలుసు. తెలుగులో కర్తృత్వం అంటున్నారు.

మరి మన ఏజెన్సీ ఏ అర్థంలో వచ్చింది? మొదటి అర్థంలోనే. 1830లలో పర్లాకిమిడి, పాలకొండ వైపు తిరుగుబాట్లు లేస్తే, అణచడానికి రస్సెల్ అనే అధికారిని మద్రాసు ప్రభుత్వం పంపింది. ఆ తర్వాత 1839లో 24వ నంబరు చట్టం వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి, మామూలు పాలన నుంచి తప్పించి కలెక్టర్ చేతిలో పెట్టారు. ఆ హోదాలో ఆయన పేరు ‘గవర్నర్‌కు ఏజెంట్’. ఆయన ఏలే నేల ఏజెన్సీ. గమనించండి, ఏజెంటు ఉన్నది మన తరఫున కాదు, గవర్నర్ తరఫున. మన ఊళ్లకి పేరు పెట్టిన మాటలో మన ఊసే లేదు.

ఇది మన ఒక్కరి కథ కాదు. అమెరికాలో ఆదివాసీ తెగల మీద ప్రభుత్వం పెట్టిన అధికారిని ఇండియన్ ఏజెంట్ అన్నారు, ఆయన ఉండే చోటుని ఏజెన్సీ అన్నారు. లకోటా నాయకుడు సిట్టింగ్ బుల్‌ని 1890లో అరెస్టు చేయబోయి కాల్చి చంపింది స్టాండింగ్ రాక్ ఏజెన్సీ పోలీసులే. పాకిస్తాన్ సరిహద్దులో పఠాన్ తెగలుండే ఖైబర్, కుర్రం లాంటి ప్రాంతాలను 2018 దాకా ఏజెన్సీలనే పిలిచారు. ఎక్కడ తెగలు లొంగలేదో అక్కడ ఈ మాట కనిపిస్తుంది.

ఇక్కడిదాకా తమ్ముడు చెప్పింది నిజమే. కానీ కథ ఇక్కడితో అయిపోలేదు.

1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల చట్టం తెచ్చింది. కొండజాతి మనిషి భూమి బయటివాళ్లకి పోవాలంటే ఏజెంట్ ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, లేకపోతే ఆ బదిలీ చెల్లదు. తాళం వేశారు, తాళంచెవి మాత్రం ఏజెంట్ దగ్గరే ఉంచారు. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 1959లో 1వ రెగ్యులేషన్ వచ్చింది. 1963లో దాన్ని తెలంగాణ ప్రాంతానికీ వర్తింపజేశారు. అసలు మార్పు 1970 సవరణతో వచ్చింది. ఏజెన్సీ ప్రాంతంలో భూమిని అమ్మేది గిరిజనుడైనా, గిరిజనేతరుడైనా సరే, కొనేది మాత్రం గిరిజనుడో, పూర్తిగా గిరిజనులతో ఏర్పడిన సొసైటీయో కావాలి. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. ఇక్కడి ప్రభుత్వ భూమిని కూడా గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని చెప్పింది.

అంటే మనల్ని అదుపులో పెట్టడానికి పుట్టిన మాటే ఇవాళ మన భూమికి కంచె. ఆ రెగ్యులేషన్‌లో రాసుంది ‘ఏజెన్సీ ప్రాంతం’ అనే. జిల్లాకి మన్యం అని పేరు పెట్టుకుందాం, సంతోషమే. కానీ ఏజెన్సీ అనే మాటని తేలిగ్గా పారేయకూడదు. దాని మీద మన సర్వే నంబర్లు ఆధారపడి ఉన్నాయి.

అయితే కంచె ఒక్కటే సరిపోతుందా? కంచె ఉన్నా బినామీ పేర్ల మీద భూములు ఎలా పోతున్నాయో మన ఊళ్లలో చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు. కలెక్టర్ ఇప్పటికీ ‘ఏజెంట్ టు గవర్నమెంట్’. ఐటీడీఏలో చివరి ‘ఏ’ కూడా ఏజెన్సీయే. మన తరఫున చేసేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. మనమే చేయడం మాత్రం ఇంకా పూర్తిగా మొదలవ్వలేదు.

రెండో అర్థం ఎలా ఉంటుందో నియమగిరి చూపించింది. 2013లో సుప్రీంకోర్టు బాక్సైట్ తవ్వకం విషయం గ్రామసభలే తేల్చాలంది. రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. తవ్వకం ఆగింది. రాయగడ ప్రాంతం 1936లో ఒడిశా ఏర్పడేదాకా మన విశాఖ ఏజెన్సీలోదే. ఒకప్పుడు ఏజెంట్ మాట చెల్లిన నేల మీదే డోంగ్రియా కోందుల మాట చెల్లింది. అదే నేల, అదే మాట, అర్థం తిరగబడింది.

మనకీ ఆ దారి ఉంది. 1996 పెసా చట్టం ప్రకారం మన ప్రాంతంలో భూసేకరణకి ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలి. భూమి అన్యాక్రాంతం కాకుండా ఆపడం, అక్రమంగా పోయినదాన్ని తిరిగి ఇప్పించడం, చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం, వడ్డీ వ్యాపారం మీద అదుపు లాంటివాటిలో గ్రామసభకి అధికారముంది. కాగితం మీద ఇంత ఉంది. మరి ఊళ్లో? తీర్మానం ముందే రాసుకొస్తారు, మన పెద్దోళ్లు వేలిముద్ర వేస్తారు, టీ తాగి ఇంటికెళ్తారు. అంటే మన గ్రామసభ కూడా ఎవరి తరఫునో నడుస్తున్న ఏజెన్సీయే.

తెలుగు వ్యాకరణంలో కర్త, కర్మ, క్రియ అని చదువుకున్నాం కదా. 1839 నుంచి మన గురించి రాసిన ప్రతి వాక్యంలో మనం కర్మ స్థానంలో ఉన్నాం. మనల్ని పాలించారు, మనల్ని రక్షించారు, మనల్ని అభివృద్ధి చేశారు. క్రియ ఏదైనా కర్త వేరేవాళ్లే.

అందుకే అన్నలూ అక్కలూ, తమ్ముళ్లూ చెల్లెళ్లూ, అడిగేది ఒక్కటే. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు గ్రామసభ ఎప్పుడో కనుక్కోండి, వెళ్లి కూర్చోండి. తీర్మానం పుస్తకంలో ఏం రాశారో సంతకాలకి ముందే గట్టిగా చదివి వినిపించండి. తెలుగు అర్థంకాని అవ్వకి కువిలోనో, కోయలోనో, గోండిలోనో, సవరలోనో చెప్పండి. ఎవరి పేరు మీద ఏ భూమి ఉందో ఒకసారి అడగండి. ఇదేమీ పెద్ద ఉద్యమం కాదు. కానీ మనల్ని కర్మ నుంచి కర్తకి జరిపేది ఇలాంటి చిన్న పనులే.

ఈసారి ఎవరైనా "ఏ ఏజెన్సీ?" అని అడిగితే నేను నవ్వి ఊరుకోను. కూర్చోబెట్టి ఈ కథంతా చెప్తా.

మీ ఊరి గ్రామసభ ఎలా జరుగుతుందో కింద రాయండి. జోహార్.