వైజాగ్‌లో చలేంటి, వదినా?

ఈ మాటని నవ్వుతూ అనేవాళ్ళందరికీ ఇవాళ నా జవాబు. సంక్రాంతి సెలవులకి ఋషికొండకో, మంగమారిపేటకో వెళ్ళి స్కూబా డైవింగ్ చేసొద్దామనుకుంటున్నవాళ్ళు దయచేసి మీ ఇంటి ఆడవాళ్ళ బ్యాగు బరువు మీద జోకులు ఆపండి. ఆ బ్యాగులో ఏముందో, ఎందుకుందో ఒక్కసారి వినండి.

ఉప్పల్, నాచారంలో ఉండే మనకి చలి విషయంలో ఒక ధీమా ఉంటుంది. జనవరిలో తెల్లారగట్ల ఇక్కడ ఒక్కోసారి 12 డిగ్రీలకి కూడా పడిపోతుంది. గేటు దగ్గర పాలప్యాకెట్ తెచ్చుకోవడానికి కూడా శాలువా కప్పుకుంటాం. ఆ లెక్కన వైజాగ్ చలి మనకి చలే కాదు. సికింద్రాబాద్‌లో వేసుకున్న స్వెట్టరు అనకాపల్లి దాటేసరికి బ్యాగులోకి వెళ్ళిపోతుంది. ఇదంతా పొడి ఒంటి సంగతి. తడి ఒంటి సంగతి పూర్తిగా వేరు.

చలికాలంలో అక్కడి సముద్రం పైనీళ్ళు ఇంచుమించు 25 డిగ్రీలుంటాయి. ఇంట్లో ఏసీ 25 మీద పెడితే 'ఇంకా చల్లబడలేదే' అంటాం. కానీ నీరు మన ఒంట్లోని వేడిని గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. మన ఒళ్ళు 37 డిగ్రీలు. అరగంట నీళ్ళలో ఉండి పైకొచ్చిన పిల్లకి పళ్ళు టకటకలాడుతుంటే అది సుకుమారం కాదు, లెక్క ప్రకారం జరిగేదే. బక్కపలచని పిల్లలకైతే బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, కొవ్వు తక్కువ. అందుకే పెద్దలకంటే ముందు వాళ్ళు వణుకుతారు.

అసలు చలి నీళ్ళలో కాదు, పడవెక్కాక మొదలవుతుంది. ఎండాకాలంలో కుండలో నీళ్ళు ఎలా చల్లబడతాయో మనందరికీ తెలుసు. కుండ గోడలోంచి ఊరిన తడి గాలికి ఆరుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. తడి బట్టలతో, పరిగెత్తే పడవలో, ఎదురుగాలికి కూర్చున్న మనిషి కూడా కుండే. ఎండ కాస్తోంది కదా అని మోసపోకండి. కుండ చల్లబడేదీ ఎండాకాలంలోనే.

దీనికి మందు చాలా చిన్నది. నీళ్ళలోంచి రాగానే తడి బట్టలు విప్పి, తుడుచుకుని, పొడివి వేసుకోవాలి. తలకి ఏదో ఒకటి కట్టుకోవాలి. గాలి తగలనిచోట కూర్చోవాలి. ఇక్కడే నా పేచీ అంతా. మగవాళ్ళు పడవ మీదే నడుముకి తువ్వాలు చుట్టుకుని రెండు నిమిషాల్లో పని కానిస్తారు. ఆడవాళ్ళు?

మా ఆడపడుచు కూతురు కిందటేడు అలాంటి పడవే ఎక్కింది. ఎవరి పడవో ఇక్కడ రాయను. మార్చుకోవడానికి మూల లేదు, తెర లేదు, ఓ గోనెపట్టా అయినా లేదు. 'ఎంతసేపమ్మా, ఒడ్డుకెళ్ళాక మార్చుకుందువుగాని' అన్నారట. ఒడ్డుకెళ్ళేసరికి గంట. ఆ గంటా తడి చున్నీ కప్పుకుని కూర్చుంది. వాళ్ళన్నయ్య ఆ సరికే పొడి బట్టల్లో పల్లీలు తింటున్నాడు. ఇంటికొచ్చాక అందరూ అన్నమాట: 'అమ్మాయికి చలి ఎక్కువ.' చలి ఎక్కువ కాదు, తెర లేదు!

వెట్‌సూట్ విషయంలోనూ అంతే. ఆ రబ్బరు సూటుకీ ఒంటికీ మధ్య పలచగా నీటిపొర నిలుస్తుంది. ఒంటి వేడికి అది వెచ్చబడుతుంది, రబ్బరులోని సన్నటి గాలి బుడగలు ఆ వేడిని బయటికి పోనివ్వవు. సూటు బిగుతుగా ఉంటేనే ఇది జరుగుతుంది. వదులైతే మెడ దగ్గర, నడుం దగ్గర చల్లనీళ్ళు వస్తూ పోతూ ఉంటాయి. మన ఆడపిల్లలు ఏమడుగుతారు? 'కొంచెం లూజుది ఇవ్వండి.' నలుగురు చూస్తారని. ఆ సిగ్గు ఖరీదు చలి. లోపల కాటన్ లెగ్గింగ్ వేసుకునేవాళ్ళూ ఉన్నారు. తడిసిన కాటన్ తేలిగ్గా ఆరదు. ఈతకి కుట్టిన లైక్రాది వేసుకుంటే పరువూ దక్కుతుంది, సూటూ అతుక్కుంటుంది.

ఇంకో సంగతి, రాయడానికి మొహమాటంగా ఉన్నా రాస్తాను. నీళ్ళలో మునిగినా, చలేసినా మూత్రం ఎక్కువ వస్తుంది. పడవలో బాత్రూం ఉండదు కాబట్టి మన ఆడవాళ్ళు పొద్దుట్నుంచీ మంచినీళ్ళే తాగరు. డైవింగ్ నేర్పేవాళ్ళు మొట్టమొదట చెప్పేవాటిలో ఒకటి ఒంట్లో నీరు తగ్గకూడదని. వణుకూ, దాహమూ రెండూ మన వంతే అన్నమాట.

ఇక మగవాళ్ళ వైద్యం: ఓ పెగ్గు వేస్తే వెచ్చగా ఉంటుందిట. సారా చర్మం కింది రక్తనాళాల్ని వెడల్పు చేస్తుంది. లోపలి వేడి రక్తం పైకొస్తుంది కాబట్టి వెచ్చగా అనిపిస్తుంది, ఆ వేడి కాస్తా గాలికి పోతుంది. పైగా ఒంట్లో నీటినీ తగ్గిస్తుంది. ఇంట్లోంచి అల్లం టీ ఫ్లాస్కులో పోసుకెళ్ళే ఆవిడని చాదస్తురాలంటారు, సీసా పట్టుకెళ్ళే ఆయన్ని సరదా మనిషంటారు.

నన్నడిగితే మనకి విదేశీ సామాను కూడా అక్కర్లేదు. డైవర్లు బట్టలు మార్చుకోవడానికి టోపీ ఉన్న పెద్ద తువ్వాలు గౌన్లని వేలు పోసి కొంటారు. మనం నవ్వుకునే నైటీ చేసేది సరిగ్గా ఆ పనే. వదులుగా, మెడ నుంచి పాదాల దాకా ఉండే నైటీని సూటు మీదుగా తొడుక్కుని, లోపల తడివన్నీ ఒక్కొక్కటే జార్చేసి, తుడుచుకుని, పొడివి వేసుకోవచ్చు. ఇంకా మందంగా కావాలంటే నాచారంలో ఏ టైలర్‌కైనా రెండు పెద్ద టర్కీ తువ్వాళ్ళిచ్చి, తలకీ చేతులకీ చోటు వదిలి కుట్టమనండి. పైన గాలి దూరని రెయిన్‌కోటు ఒకటి చాలు. ఉప్పల్లో వానాకాలం స్కూటీ మీద వేసుకునేదే.

అయితే నైటీ ఉంది కదా అని పడవవాళ్ళని వదిలేయమని కాదు. సీటుకి వేలు తీసుకుంటున్నారు. నాలుగు గజాల గుడ్డ, రెండు కొక్కేలు పెట్టడానికి వాళ్ళకి ఏం అడ్డొచ్చింది? అడిగేవాళ్ళు లేక. టిక్కెట్టు బుక్ చేసేది ఇంటాయన, ఆయనకి తెర అవసరం పడదు.

కాబట్టి ఈసారి ఫోన్ మీరే చేయండి, అమ్మా. లంచ్‌లో ఏమిస్తారు, వీడియో తీస్తారా అనే ముందు ఇవడగండి: పడవలో మార్చుకోవడానికి చాటు ఉందా? ఆడవాళ్ళ కొలతల్లో సూట్లున్నాయా? ఒడ్డుకి రావడానికి ఎంతసేపు? మధ్యలో బాత్రూం సంగతేమిటి? అవతలాయన 'వైజాగ్‌లో చలేంటి మేడం' అని నవ్వితే, ఇంకో నంబరు చూసుకోండి.