పళ్ల పాఠం వచ్చు.. మరి పళ్లు తోమే అలవాటో?

దంత వైద్య కళాశాలలో సీటు వచ్చిన పిల్లల నోరు ఎలా ఉంటుందనుకుంటున్నారు? ముత్యాల్లాంటి పలువరుస, గట్టి చిగుళ్లు, రెండు పూటలా క్రమం తప్పని బ్రష్.. ఇలాగే కదా! కానీ మొదటి ఏడాది బీడీఎస్ విద్యార్థి నోటికీ, మీ ఇంట్లో ఇంటర్ చదివే అబ్బాయి నోటికీ పెద్ద తేడా ఉండదు. రాత్రి బ్రష్ చేయకుండా పడుకునేవారు వాళ్లలోనూ ఉంటారు. చిగుళ్ల నుంచి రక్తం వస్తున్నా ‘బ్రష్ గట్టిగా తగిలిందేమో’ అని సర్దిచెప్పుకొనేవారూ ఉంటారు. పన్ను సలుపు పెట్టేదాకా పక్క గదిలో కూర్చునే తమ ప్రొఫెసర్‌కే నోరు చూపించని వారూ ఉంటారు.

ఆ పిల్లల్ని వేలెత్తి చూపడానికి ఈ మాట చెప్పడం లేదు. నేను దంత వైద్యుణ్ని కాను. ప్రభుత్వ ఆస్పత్రిలో షుగర్, బీపీ, గుండె జబ్బులు చూసే ఫిజీషియన్‌ని. నన్ను ఆలోచనలో పడేసే ప్రశ్న ఒక్కటే. పళ్ల గురించి అందరికంటే ఎక్కువ చదివేవాళ్ల పరిస్థితే ఇలా ఉంటే, ‘జనంలో అవగాహన పెంచితే చాలు’ అనే మన నమ్మకం ఎంతవరకు నిలుస్తుంది?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నోటి శుభ్రత చదివితే వచ్చేది కాదు. తన నోట్లో పాచిని తాను కళ్లారా చూసుకున్నప్పుడు, రోజూ ఒకే వేళకు బ్రష్ పట్టినప్పుడు వస్తుంది. ఈ సంగతి దంత వైద్య కళాశాలలకు ఎంత అవసరమో మన ఇళ్లకూ అంతే అవసరం.

ఇరవై వాక్యాల పరీక్ష

జపాన్‌లోని హిరోషిమా విశ్వవిద్యాలయానికి చెందిన కవామురా అనే నిపుణుడు 1980ల్లో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అందులో 20 చిన్న వాక్యాలుంటాయి. ఒక్కోదానికి ‘అవును’ అనో ‘కాదు’ అనో చెప్పాలి. ‘బ్రష్ చేస్తుంటే నా చిగుళ్లు రక్తం కారుతాయి’, ‘బ్రష్ చేశాక అద్దంలో పళ్లు చూసుకుంటాను’, ‘గట్టిగా రుద్దితేగానీ శుభ్రంగా తోమినట్టు అనిపించదు’, ‘పంటి నొప్పి వచ్చేదాకా డాక్టర్ దగ్గరకు వెళ్లను’.. ఇలాంటివి. దీన్ని అనేక దేశాల్లో, మన దేశంలో కూడా, దంత వైద్య విద్యార్థుల చేతే నింపించారు.

చాలా చోట్ల ఒకే ధోరణి కనిపించింది. మొదటి ఏళ్ల విద్యార్థులకు తక్కువ మార్కులు, రోగులను చూడటం మొదలుపెట్టిన ఏళ్లలో మెరుగైన మార్కులు. దీనికి కారణం ఊహించడం కష్టమేమీ కాదు. మన బీడీఎస్ చదువు నాలుగేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. మొదట్లో అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ చదువుతారు. మైనపు దిమ్మలో పంటి ఆకారం చెక్కుతారు. పీకేసిన పళ్లు సీసాల్లో పోగుచేసుకుని వాటిమీద సాధన చేస్తారు. సజీవమైన నోరు వాళ్ల చేతికి వచ్చేది మూడో ఏడాదిలోనే. గార పట్టి, చిగుళ్లు జారిపోయి, నలభై ఏళ్లకే పళ్లు ఊగుతున్న మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి చూసినప్పుడు, పుస్తకంలోని బొమ్మకు లేని బలం ఆ దృశ్యానికి ఉంటుంది. ఆ రాత్రి నుంచి విద్యార్థి తన బ్రష్‌ను వేరుగా చూస్తాడు.

అయితే ఇంకొకరి నోరు పాడయ్యాక చూసి నేర్చుకోవడం ఆలస్యపు చదువే. అంతకంటే ముందే, తన నోటితోనే నేర్చుకునే దారి ఉంది. అదేమిటో అరవై ఏళ్ల కిందట డెన్మార్క్‌లోని దంత వైద్య విద్యార్థులే చూపించారు.

బ్రష్ మానేసిన విద్యార్థులు

చిగుళ్ల వాపు వయసు వల్ల వస్తుందా, విటమిన్ల లోపం వల్లా, పాచి వల్లా అని అప్పట్లో వాదనలుండేవి. డెన్మార్క్‌లోని ఆర్హస్ నగరంలో హెరాల్డ్ లోయె అనే శాస్త్రవేత్త బృందం దీన్ని తేల్చేందుకు 12 మంది ఆరోగ్యవంతులను తీసుకుంది. వారిలో ఎక్కువమంది దంత వైద్య విద్యార్థులే. వాళ్లను బ్రష్‌తో సహా పళ్లు శుభ్రం చేసుకునే పనులన్నీ మానేయమన్నారు. ఏం జరిగిందంటే, 10 నుంచి 21 రోజుల్లో ప్రతి ఒక్కరికీ చిగుళ్లు వాచాయి. ఒక్కరూ తప్పించుకోలేదు. మళ్లీ శుభ్రంగా తోముకోవడం మొదలుపెట్టాక దాదాపు వారంలో చిగుళ్లు మామూలయ్యాయి. 1965లో ప్రచురితమైన ఈ ప్రయోగం చిగుళ్ల వైద్యానికే పునాది రాయి.

ఇందులో మీకు పనికొచ్చే మాటలు రెండున్నాయి. ఒకటి, పాచికి డిగ్రీలతో పనిలేదు. దంత వైద్యం చదివే వాడి చిగుళ్లయినా మూడు వారాలకు మించి ఆగలేదు. రెండోది మంచి కబురు. వ్యాధి తొలిదశలో ఉంటే వెనక్కి మళ్లుతుంది, అదీ ఎంతో కాలం పట్టకుండా.

అదే బృందం తర్వాత శ్రీలంక తేయాకు తోటల్లో బ్రష్ అలవాటు గానీ, దంత వైద్యం గానీ ఎరగని 480 మంది కార్మికులను 1970 నుంచి పదిహేనేళ్లు గమనించింది. వారిలో దాదాపు 8 శాతం మందికి పళ్ల చుట్టూ ఉన్న ఎముక వేగంగా కరిగిపోయింది. 81 శాతం మందికి మెల్లగా కరిగింది. 11 శాతం మందికి మాత్రం చిగుళ్ల వాపు దగ్గరే ఆగింది. ‘మా తాతయ్య బ్రష్ ముఖమే చూడలేదు, ఎనభై ఏళ్లకూ చెరకు నమిలాడు’ అని మీరు అనొచ్చు. ఆయన ఆ 11 శాతంలోని వాడై ఉండొచ్చు. మీరు ఏ లెక్కలోకి వస్తారో ముందుగా ఎవరు చెప్పగలరు?

హాస్టల్‌లో జారిపోయే రాత్రి బ్రష్

దంత వైద్య కళాశాలకు వచ్చేనాటికి ఆ పిల్లలు ఎక్కడి నుంచి వస్తున్నారో కూడా చూద్దాం. పదో తరగతి అవ్వగానే రెసిడెన్షియల్ కాలేజీ. తెల్లవారకముందే స్టడీ అవర్, రాత్రి పొద్దుపోయేదాకా మళ్లీ స్టడీ అవర్. పొద్దున బాత్రూమ్ దగ్గర క్యూ. బ్రష్ నోట్లో పెట్టుకునే బకెట్ నింపుకోవాలి. రాత్రి నిద్ర ఆపుకోవడానికి టీ, బిస్కెట్, చిప్స్. ఆ తర్వాత పుస్తకం మీదే నిద్ర. నీట్‌లో ర్యాంకు రాకపోతే లాంగ్‌టర్మ్ కోచింగ్ పేరుతో ఇంకో ఏడాది ఇదే వరస.

పదహారు నుంచి పంతొమ్మిదేళ్ల మధ్య, అంటే సొంత అలవాట్లు గట్టిపడే వయసులో, మనం వాళ్లకు ఇస్తున్న దినచర్య ఇది. ఫోన్ చేసినప్పుడు ‘తిన్నావా? టెస్టులో ఎన్ని వచ్చాయి?’ అని అడుగుతాం. ‘రాత్రి పళ్లు తోముకున్నావా?’ అని ఎంతమందిమి అడుగుతున్నాం? జువాలజీలో దంతాల నిర్మాణం మీద ప్రశ్న వస్తే తప్పు లేకుండా రాసే పిల్లవాడు ఆ దంతాలనే తోముకోకుండా నిద్రపోతాడు. బీడీఎస్ మొదటి ఏడాదిలో కనిపించే నోరు మన ఇళ్లూ, మన హాస్టళ్లూ కలిసి తయారుచేసి పంపినదే.

ఫిజీషియన్‌కు ఎందుకీ గొడవ?

మా షుగర్ ఓపీలో పాదాలు చూపించమంటే వెంటనే చెప్పులు విప్పుతారు. నోరు తెరవమంటే మాత్రం ‘పంటి నొప్పేం లేదు సార్’ అంటారు. చిక్కంతా అక్కడే. చిగుళ్ల జబ్బు చాలాకాలం నొప్పి లేకుండానే ముదురుతుంది.

షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు పెరుగుతుంది. చిగుళ్లలో వాపు ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. షుగర్ ఉన్నవారికి చిగుళ్ల చికిత్స చేస్తే హెచ్‌బీఏ1సీ సుమారు 0.3 నుంచి 0.5 వరకు తగ్గుతుందని 2022లో వెలువడిన కాక్రేన్ సమీక్ష చెబుతోంది. ఇది మందులకు బదులు కాదు. కానీ మందులతో పాటు దక్కే ఈ లాభాన్ని వదులుకోవడమెందుకు?

రుమాటిక్ జ్వరంతో గుండె కవాటాలు దెబ్బతిన్నవారికి, కృత్రిమ కవాటాలు అమర్చినవారికి ఇంకో ప్రమాదం ఉంది. పాడైన చిగుళ్ల నుంచి రక్తంలోకి చేరే సూక్ష్మక్రిములు కవాటాల మీద స్థిరపడి ఇన్‌ఫెక్షన్ తేవచ్చు. అది ప్రాణాంతకం కూడా కావచ్చు. మీ ఇంట్లో అలాంటివారుంటే పన్ను పీకించుకునే ముందు, క్లీనింగ్ చేయించుకునే ముందు గుండె సంగతి దంత వైద్యుడికి తప్పక చెప్పండి.

కాలేజీలు ఏం చేయాలి?

నా సూచన ఖరీదైనది కాదు. కాలేజీలో చేరిన మొదటి నెలలోనే ప్రతి విద్యార్థినీ రోగి కుర్చీలో కూర్చోబెట్టాలి. పాచిని రంగులో చూపించే ద్రావణం ప్రతి దంత వైద్య కళాశాలలో ఉండేదే. అది పూసి, అద్దం చేతికిచ్చి, తన పళ్లమీద రంగు ఎక్కడ అంటుకుందో తననే చూసుకోమనాలి. ఆ లెక్క రాసిపెట్టి, ఆరు నెలలకోసారి ఇంటర్న్‌షిప్ దాకా కొనసాగించాలి. దీనికి మార్కులు వేయొద్దు. పేర్లు నోటీసు బోర్డులో పెట్టొద్దు. సిగ్గుపడిన పిల్లవాడు దాచడం నేర్చుకుంటాడు తప్ప తోమడం నేర్చుకోడు.

‘పెద్దపిల్లల సొంత విషయంలో కాలేజీ జోక్యం ఎందుకు?’ అని కొందరు అడగొచ్చు. రోగిని ముట్టుకునే ముందు హెపటైటిస్-బి టీకా వేయించుకోమంటున్నాం, చేతులు ఎలా కడుక్కోవాలో నేర్పిస్తున్నాం. ఇదీ అలాంటిదే. రేపు బడుల్లో, పల్లెల్లో దంత వైద్య శిబిరాలకు వెళ్లి మన పిల్లలకు బ్రష్ పట్టడం నేర్పేది ఈ విద్యార్థులే. తాను చేయని పనిని ఎదుటివారికి చెప్పేటప్పుడు గొంతులో బలం ఉండదు. పిల్లలు దాన్ని ఇట్టే పసిగడతారు.

మీ ఇంట్లో ఇలా చేయండి

⦿ రెండు పూటలా రెండేసి నిమిషాలు తోముకోవాలి. రెంటిలో రాత్రి బ్రష్‌ను అసలు తప్పించొద్దు. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కాబట్టి పాచి పని సులువవుతుంది. పడుకునే ముందు వరకు ఆగితే బద్ధకం వస్తుంది. భోజనమయ్యాక కాసేపటికే తోముకుని, ఆ తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకండి.

⦿ మెత్తని కుచ్చు బ్రష్ వాడండి. చిగురూ పన్నూ కలిసే అంచు దగ్గర కాస్త ఏటవాలుగా పెట్టి, చిన్నగా కదిలించండి. గట్టిగా రుద్దితే పన్ను అరిగి, చల్లటిది తగిలినప్పుడు జివ్వుమంటుంది. లోపలివైపు, చివరి దవడ పళ్లు మరచిపోవద్దు.

⦿ ఫ్లోరైడ్ ఉన్న పేస్టు మంచిది. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత చాలు. మింగకుండా పెద్దలు దగ్గరుండాలి. నల్గొండ వంటి ఫ్లోరైడ్ నీటి ప్రాంతాల వారు పిల్లల పేస్టు గురించి దంత వైద్యుణ్ని అడిగి నిర్ణయించుకోవాలి.

⦿ చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని అక్కడ తోమడం మానేయకండి. ఎక్కువసార్లు అది పాచి పేరుకుందని చెప్పే గుర్తు. మెత్తగా తోమడం కొనసాగించండి. రెండు వారాల్లో తగ్గకపోతే దంత వైద్యుడికి చూపించండి.

⦿ వేపపుల్ల తప్పేమీ కాదు. కానీ లోపలివైపు, పళ్ల సందుల్లోకి అది సరిగా చేరదు. ఇటుక పొడి, బొగ్గు పొడి పన్నును అరగదీస్తాయి. నశ్యం రుద్దుకోవడం నోటి క్యాన్సర్‌ను పిలిచి తెచ్చుకోవడమే.

⦿ గట్టిపడి గారగా మారిన పాచి బ్రష్‌తో పోదు. క్లీనింగ్ చేయించాల్సిందే. క్లీనింగ్ వల్ల పళ్లు వదులవుతాయన్నది అపోహ. గార చాటున అప్పటికే వదులైన పన్ను, గార తీశాక బయటపడుతుందంతే.

⦿ పిల్లలకు ‘తోముకో’ అని చెప్పి వదిలేయకండి. పాచికి రంగు అంటించే మాత్రలు దొరుకుతాయి. దంత వైద్యుణ్ని అడిగి తెచ్చి, నెలకోసారి ఇంటిల్లిపాదీ నమిలి అద్దంలో చూసుకోండి. నాన్న పళ్లకు ఎంత రంగు అంటిందో పిల్లలూ చూడాలి.

⦿ హాస్టల్లో ఉన్న పిల్లల సామాన్లలో మూడు నెలలకో కొత్త బ్రష్ పెట్టండి. సెలవులకు వచ్చినప్పుడు ప్రోగ్రెస్ రిపోర్టుతో పాటు చిగుళ్లు కూడా చూడండి.

ఇవాళ రాత్రి భోజనాలయ్యాక ఒక పని చేయండి. అద్దం ముందు నిలబడి, ఫోన్ లైటు వేసుకుని, కింది పెదవిని కాస్త కిందికి లాగి చిగురు అంచు చూసుకోండి. ఎర్రగా ఉబ్బి కనిపిస్తే కంగారు పడకండి. తొలిదశలో ఉన్న వాపయితే, శ్రద్ధగా తోముకుంటే వారం పది రోజుల్లో తేడా మీకే కనిపిస్తుంది. తేడా రాకపోతే నొప్పి కోసం ఎదురుచూడకుండా దంత వైద్యుడి దగ్గరకు వెళ్లండి.