ఆదివారం తగ్గే దగ్గు

పని బట్టలు ఇంట్లో దులపకూడదని నాకు తెలియడానికి మూడేళ్ళు పట్టింది.

మా ఆయన ఇక్కడ బర్మింగ్‌హామ్‌లో వంటింటి అల్మరాలు చేసే వర్క్‌షాపులో పనిచేస్తారు. సాయంత్రం వచ్చి చొక్కా విప్పితే సన్నటి పొడి రాలేది. రంపపు పొట్టే కదా, చిన్నప్పుడు పొట్టు పొయ్యిలో కూరుకున్నదేగా అనుకునేదాన్ని. మా మామగారు కూడా జీవితమంతా వడ్రంగమే చేశారు. కానీ ఆయన చిత్రిక పడితే చెక్క చుట్టలు చుట్టలుగా కాళ్ళ దగ్గర రాలేది. శాండింగ్ మెషిను లేపే పొడి అలా కాదు. కంటికి కనబడనంత సన్నం. గాల్లోనే తేలుతూ ఊపిరితో లోపలికి పోతుంది.

పోయిన చలికాలం ఆయనకు దగ్గు పట్టుకుంది. మిరియాల పాలు, అల్లం కషాయం, అన్నీ అయ్యాయి. ఒక ఆదివారం మా అమ్మాయి, "అమ్మా, నాన్న ఇవాళ దగ్గట్లేదు" అంది. అప్పుడు లెక్క చూసుకున్నాను. సోమవారం మొదలు, శుక్రవారానికి ఆయాసం. ఇండియా వెళ్ళిన మూడు వారాలూ అసలు లేదు!

ఈ సంగతి చెప్పగానే డాక్టరుగారు పీక్ ఫ్లో మీటరు ఇచ్చారు. పని రోజుల్లోనూ సెలవుల్లోనూ రోజుకు నాలుగుసార్లు ఊది, కొన్ని వారాలు రాయమన్నారు. ఆ అంకెలతో, తర్వాత చేసిన పరీక్షలతో తేలింది, అది పని వల్ల వచ్చిన ఉబ్బసమని.

"ఆఫీసులో చెప్పకు, వీసా వాళ్ళ చేతిలో ఉంది" అన్నారాయన. నాకూ భయమే. కానీ బ్రిటన్‌లో వడ్రంగులకు ఉబ్బసం వచ్చే అవకాశం మిగతా ఉద్యోగులకంటే నాలుగు రెట్లట. గట్టి కలప పొడి ఘనపు మీటరు గాలిలో 3 మిల్లీగ్రాములు దాటకూడదని ఇక్కడి నియమం. కలప పొడి ముక్కు లోపల క్యాన్సర్‌కు కారణమని 1995లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చింది. ఇవన్నీ చదివాక ఊరుకోలేకపోయాను. డాక్టరుగారి ఉత్తరం పట్టుకుని ఆయనే వెళ్ళి చెప్పారు. కొలతలు తీసుకునే పనికి మార్చారు. జీతం కొంత తగ్గింది. రాత్రి నిద్ర తిరిగొచ్చింది.

మీ ఇంట్లో ఎవరైనా ఈ పనిలో ఉంటే నాలుగు విషయాలు అడగండి. మెషిను దగ్గరే పొడి పీల్చే ఏర్పాటు ఉందా? చీపురుతో ఊడుస్తున్నారా, పొడి కోసం చేసిన వాక్యూమ్ వాడుతున్నారా? మాస్కు ముఖానికి సరిపోతుందో లేదో పరీక్ష చేశారా? అయ్యప్ప మాల వేసుకుని గడ్డం పెంచితే మామూలు మాస్కు అతుక్కోదు, గాలి పంపే హుడ్ అడగాలి. పని బట్టలు అక్కడే మార్చుకుని వస్తున్నారా?

అన్నిటికంటే ముందు, ఆదివారం దగ్గు తగ్గుతోందా? అది మాత్రం ఇంట్లో ఉన్న మనకే తెలుస్తుంది.