‘మన పరిధి’ ఎక్కడి వరకు?

కొన్నేళ్ళ క్రితం ఒక కాలేజీ అంతర్గత ఫిర్యాదుల కమిటీలో బయటి సభ్యురాలిగా కూర్చున్నాను. డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక అబ్బాయి ఫిర్యాదు మా ముందుకొచ్చింది. హాస్టల్లో అతన్ని ఎవరూ పేరుతో పిలవరు. ‘ఆడంగి’ అంటారు, లేకపోతే ‘తేడా’ అంటారు. స్నానానికి వెళితే బయట గడియ పెడతారు. ఒక రాత్రి బలవంతంగా చీర చుట్టి, వరండాలో నడిపించి, సెల్‌ఫోన్లో వీడియో తీశారు.

కమిటీ పది నిమిషాల్లో తేల్చేసింది. ఫిర్యాదు చేసింది అమ్మాయి కాదు కాబట్టి లైంగిక వేధింపు కిందికి రాదన్నారు. ఏడిపించింది సీనియర్లు కాదు, తోటి విద్యార్థులే కాబట్టి ర్యాగింగ్ కూడా కాదన్నారు. “కాస్త మగాడిలా వుండమని మీరైనా చెప్పండి మేడమ్” అన్నారొక అధ్యాపకుడు. నేను అభ్యంతరం చెప్పాను. కానీ ఏ నిబంధన ప్రకారం అని అడిగితే జవాబివ్వలేకపోయాను. ఇంటికొచ్చి నిబంధనలు చదివి, తిరిగి ఆ కాలేజీకి వెళ్ళేసరికి అతను టీసీ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు కమిటీ చెప్పిన రెండు కారణాలూ తప్పే. 2009 నాటి ర్యాగింగ్ నిరోధక నిబంధనలను యూజీసీ 2016లో సవరించింది. జెండర్, లైంగికత కారణంగా ఒక విద్యార్థిని శారీరకంగా గానీ మానసికంగా గానీ హింసించడం, ఏడిపించడం, వెలివేయడం ర్యాగింగే అని అందులో స్పష్టంగా వుంది. ట్రాన్స్‌జెండర్ విద్యార్థుల ప్రస్తావన కూడా వుంది. బాధితులు కొత్తగా చేరిన వాళ్ళే అయివుండాలన్న షరతు లేదు. ఇక లైంగిక వేధింపుల మీద యూజీసీ 2015 నిబంధనలు, ప్రధానంగా స్త్రీలతో పాటు కొందరు మగ విద్యార్థులూ, థర్డ్ జెండర్ విద్యార్థులూ వేధింపులకు గురవుతారని గుర్తించి, విద్యాసంస్థలు చర్య తీసుకోవాలంటున్నాయి. కాబట్టి రూలు లేకపోవడం కాదు సమస్య. రూలు తెలిసిన మనిషి ఆ గదిలో లేకపోవడం సమస్య. స్వచ్ఛంద సంస్థల తరఫున ఆ కుర్చీల్లో కూర్చుంటున్నది మనమే.

ఈ మాట చెపితే మన సంస్థల్లోనే ఒక వాదన వినిపిస్తుంది. “వరకట్నం, గృహహింస, అత్యాచారాలు, వీటికే మనకి శక్తి చాలడం లేదు. ఈ కొత్త సమస్య కూడా మనమే ఎత్తుకోవాలా?” అని. ఇది కొత్త సమస్య అనుకోవడమే పొరపాటు. ఒక అబ్బాయిని అవమానించడానికి మన భాషలో వాడే మాటలేమిటో చూడండి. ‘ఆడంగి వెధవ’, ‘గాజులు తొడుక్కో’, ‘చీర కట్టుకో’. ఆడదానితో పోల్చడమే అతిపెద్ద తిట్టు అయినప్పుడు, ఆ తిట్టు అతని ఒక్కడికే తగులుతుందా? ఆడతనం నీచమైందన్న నమ్మకం మీదే ఆ వేధింపంతా నిలబడి వుంది. ఆ నమ్మకంతోనే కదా మన పోరాటమంతా.

దీనికి మన నేల మీద పాత చరిత్రే వుంది. 1919లో నిజాం రాజ్యంలో తెచ్చిన ఒక చట్టం, బహిరంగంగా ఆడబట్టల్లో కనిపించిన ‘నపుంసకుల్ని’ వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారం పోలీసులకిచ్చింది. అది రాజ్యాంగ విరుద్ధమని తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది 2023లో! అప్పటిదాకా అది పుస్తకాల్లో వుంటూనే వుంది. మగవాడి ఒంటి మీద చీర కనపడితే చట్టం దాన్ని నేరమంది, హాస్టల్ పిల్లలు నవ్వులాట అన్నారు. రెండింటి వెనకా వున్న భావజాలం ఒకటే.

అమ్మాయిల హాస్టళ్ళలో ఇదే వేధింపుకి క్రమశిక్షణ అని పేరు. ఇద్దరమ్మాయిలు ఎప్పుడూ కలిసి వుంటున్నారని గుసగుసలు మొదలవుతాయి. వార్డెన్ గదులు మార్పిస్తుంది, ఇంటికి ఫోన్ చేస్తుంది. తండ్రి వచ్చి తీసుకుపోతాడు. చదువు ఆగిపోతుంది, సంబంధాలు చూస్తారు. ఇష్టంలేని ఆ పెళ్ళిలో జరిగే హింస మన దగ్గరికి గృహహింస కేసుగా వస్తుంది. అది హాస్టల్లో మొదలైందని మనం అడగం, ఆ పిల్ల చెప్పదు. తమ కుటుంబంలో మొదటిసారిగా కాలేజీ గడప తొక్కిన దళిత, బహుజన పిల్లలకైతే, ఇలా వెళ్ళిపోవడం అంటే మళ్ళీ తిరిగిరాలేని దారి.

“మాటలే కదా, సరదాకి అన్నారు” అనేవాళ్ళకి ఒక విషయం గుర్తు చేయాలి. ఈవ్ టీజింగ్‌ని కూడా సరదా అనే అన్నారు. ర్యాగింగ్‌ని చనువు పెంచుకోవడం అన్నారు. 1997లో విశాఖ కేసు తీర్పూ, మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టమూ వచ్చాయి. ఆ తీర్పు మహిళా సంఘాలు కోర్టుకెక్కితే వచ్చింది. ఏది సరదా, ఏది హింస అన్నది హింస పడినవాళ్ళు చెప్పాలని వాదించి నెగ్గినవాళ్ళం మనం. ఆ సూత్రాన్ని ఇప్పుడు మన ఒక్కరికే అట్టిపెట్టుకుందామా?

స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ట్రాన్స్‌జెండర్ల హక్కుల్ని 2014లో నల్సా తీర్పులో గుర్తించింది. తీర్పులు వాటంతటవి హాస్టల్ మెట్లెక్కవు. మోసుకెళ్ళే మనుషులు కావాలి.

మనం చేయగలిగినవి వున్నాయి. 2016 సవరణను తెలుగులో అచ్చువేసి నోటీసు బోర్డుల్లో పెట్టించాలి. మనం సభ్యులుగా వున్న ప్రతి కమిటీలో దాన్ని మొదటి సమావేశంలోనే చదివించాలి. ఫిర్యాదు చేసిన విద్యార్థి ఒప్పుకోకుండా ఇంట్లో వాళ్ళకి చెప్పకూడదని పట్టుబట్టాలి. కాలేజీలో అవమానం కంటే ఇంట్లో తెలియడమే కొందరికి ప్రాణాంతకం. ‘మార్చడానికి’ డాక్టరు దగ్గరికి పంపుతామంటే, అలాంటి చికిత్సను జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించిందని చెప్పాలి. అన్నిటికంటే ముందు మన ఆఫీసుల్లో, మన శిక్షణా శిబిరాల్లో ‘తేడా’ అనే మాటకి నవ్వడం మానాలి.

ఆ అబ్బాయి ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలియదు. అతని ఫిర్యాదు కాగితం మీద ‘పరిధిలోకి రాదు’ అని రాసినచోట నా సంతకం కూడా వుంది. మీరు కూర్చున్న కమిటీల్లో అలాంటి కాగితం మీ ముందుకొస్తే, సంతకం చేయకండి.