వాద్యం కన్న తంతి మిన్న

వాద్యం కొన్ననాడు దాని వెల చెప్పుకొంటాము. తంతి తెగిననాడు దాని విలువ తెలుసుకొంటాము. ఉర్దూలో తార్ అన్నా, తెలుగులో తంతి అన్నా, పలికేది అదే. తక్కినవన్నీ ఆ సన్నని తీగ కంపనాన్ని మోసేవే. అయినప్పటికీ ఎలక్ట్రిక్ గిటారు కొనేటప్పుడు మనవారు దాని రంగును, కంపెనీ పేరును, స్పీకరు పెట్టె పరిమాణాన్ని విచారించినంతగా తంతులను విచారించరు. వార్షికోత్సవానికి ఎంతో ఉత్సాహంతో వాద్యం కొనడం, మరుసటి ఏటికి దాని తంతులు తుప్పుపట్టడం, ఆపైన అది బీరువా చేరడం అనేక చోట్ల కనబడే సంగతే. డబ్బు వృథా కావడం ఇందులో చిన్న నష్టం. శ్రుతి నిలువని వాద్యంపై నేర్చుకొనబోయిన విద్యార్థి తనకు స్వరజ్ఞానమే లేదని నమ్మి ఆ విద్యను విడిచిపెట్టడం పెద్ద నష్టం.

తొర్రూరు వంటి పట్టణంలో ఎలక్ట్రిక్ గిటారు ఊసు ఎందుకని పెద్దలు కొందరు అడుగవచ్చును. మన పొరుగుననే పాలకుర్తి ఉన్నది. ఆ ఊరి కవి పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో ఎన్నో రకాల వీణలను పేరుపేరునా లెక్కించినాడు. తంత్రీ వాద్యాలపై మక్కువ ఈ నేలకు కొత్తది కాదన్నమాట. ఇక పరదేశపు వాద్యమన్న ఆక్షేపణకు ఊద్ చరిత్రయే సమాధానం. అరబ్బుల ఊద్ ఐరోపాకు చేరి అక్కడి లూట్ వాద్యానికి తన పేరునిచ్చినది. వాద్యాలకు సరిహద్దులు ఏనాడూ లేవు.

తంతిని ఎన్నుకోవడం విద్వాంసులకు ఎంత ముఖ్యమో ఆ ఊద్ చరిత్రలోనే మంచి నిదర్శనం ఉన్నది. 9వ శతాబ్దంలో బాగ్దాదు నుండి స్పెయిన్‌లోని కొర్డోబాకు వెళ్ళి స్థిరపడిన జిర్యాబ్ ఊద్‌కు ఐదవ తంతిని చేర్చినాడని చరిత్రకారులు వ్రాసినారు. 17వ శతాబ్దపు రచయిత అల్ మఖ్ఖరీ చెప్పిన వృత్తాంతం ప్రకారం, ఖలీఫా హారూన్ అల్ రషీద్ సభలో ఆయన గురువుగారి ఊద్‌ను కాదని తన ఊద్‌నే తెప్పించుకొన్నాడు. పైకి రెండూ ఒకే తీరుగా ఉన్నా, తన పట్టు తంతులు వేడినీటితో వడికినవి కావనీ, మంద్ర తంతులు సింహపు పిల్ల పేగుతో చేసినవనీ వివరించినాడట. కథలో అతిశయోక్తి ఉన్నా ఉండవచ్చును. అందులోని వివేకం మాత్రం నిజమైనది.

దాదాపు వెయ్యిన్ని నూట యాభై ఏండ్ల తరువాత అటువంటి వివేకాన్నే ఒక తెలుగు బిడ్డ చూపినాడు. 1969లో పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ చేతబట్టిన మాండలిన్ ఇటలీ దేశపు వాద్యం. దానికి నాలుగు జతలుగా ఎనిమిది తంతులుంటాయి. జంట తంతులను ఒక్క మేరకు లాగి గమకం పలికించడం కష్టం. ఒకటి కొంచెం వెనుకబడినా శ్రుతి చెదురుతుంది. అందుచేత ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్‌ను చేపట్టి, జంటలను తీసివేసి ఒంటి తంతులను అమర్చుకొని, మంద్ర స్థాయి కోసం ఐదవ తంతిని చేర్చుకొన్నారు. 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసిన ఆ బాలుడు 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించినాడు. 1998లో పద్మశ్రీ అందుకొని, 2014 సెప్టెంబరు 19న కన్నుమూసిన ఆ మహనీయుని ప్రతిభను తంతులలో వెదకడం మన ఉద్దేశం కాదు. ఆ ప్రతిభ బయటికి రావడానికి తగిన తంతులు కావలసి వచ్చినవన్నదే మనం గ్రహించవలసినది.

మరి తగిన తంతి ఏదని ఎట్లు తెలియవలెను? దీనికి మొదటి పాఠం మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని సోనోమీటరు వద్దనే ఉన్నది. తీగ పొడవు సగమైతే ధ్వని ఒక స్థాయి పైకి పోతుంది. బిగువు నాలుగింతలైతే ఒక స్థాయి పైకి పోతుంది. తీగ బరువైనకొద్దీ ధ్వని దిగుతుంది. ఫ్రాన్సు దేశీయుడు మెర్సెన్ 1636లో ప్రకటించిన ఈ సూత్రాలను మన విద్యార్థులు పరీక్షకు వల్లిస్తారు గాని గిటారు దుకాణంలో జ్ఞప్తికి తెచ్చుకోరు.

గిటారు తంతుల మందాన్ని అంగుళంలో వెయ్యో వంతులలో లెక్కిస్తారు. అన్నిటికన్న సన్ననిది 9, లావైనది 42 ఉన్న జట్టు ఒకటి. 10 నుండి 46 వరకు ఉన్నది మరొకటి. ఎక్కువగా వాడుకలో ఉన్నవి ఇవే. 9కి బదులు 10 వేస్తే తేడా స్వల్పమనిపిస్తుంది. కాని అదే శ్రుతికి బిగువు సుమారు 23 శాతం పెరుగుతుంది. 25.5 అంగుళాల తంతి నిడివి గల గిటారుపై మొదటి జట్టు మొత్తం లాగుడు సుమారు 38 కిలోలు, రెండవదానిది సుమారు 47 కిలోలు. 24.75 అంగుళాల నిడివి గల గిటారుపై ఈ బిగువు ఆరు శాతం దాకా తగ్గుతుంది. లేత వ్రేళ్ళతో నేర్చుకొనేవారికి 9 చాలును. తంతిని పక్కకు లాగి గమకం పలికించదలచినవారికీ అదే మేలు. గట్టిగా మీటి తాళం నడిపేవారికి 10 నిలకడనిస్తుంది.

లావు తంతులు వాయించినవాడే మొనగాడన్న అభిప్రాయం యువకులలో ఉన్నది. ఇది సరికాదు. అమెరికాకు చెందిన స్టీవీ రే వాన్ 13 తంతులు వాడిన మాట వాస్తవమే; కాని ఆయన శ్రుతిని అర స్వరం దించి వాయించేవాడు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరపు కార్మికుడు టోనీ అయోమీ 17వ ఏట కర్మాగారంలో రెండు వ్రేళ్ళ కొనలు పోగొట్టుకొన్నాడు. సన్నని గిటారు తంతులు దొరకక బాంజో తంతులు కట్టుకొని సాధన చేసినాడు. అయినను ఆయన బ్లాక్ సబ్బత్ బృందపు సంగీతం గంభీర నాదానికే ప్రసిద్ధి. చేతికి తగిన తంతియే గొప్ప తంతి.

నాదం విషయంలో లోహం ముఖ్యం. ఎలక్ట్రిక్ గిటారులోని పికప్ ఒక అయస్కాంతం, దాని చుట్టూ తీగచుట్ట. అయస్కాంతం ఆకర్షించగల లోహపు తంతి కంపించినప్పుడే అందులో విద్యుత్తు పుడుతుంది. నైలాన్ తంతికి అది పలుకదు. మామూలు గిటారుకు కట్టే కంచు చుట్టు తంతులు వేస్తే మంద్ర స్వరాలు బలహీనంగా వినబడతాయి. నికెల్ పూత వేసిన ఉక్కు చుట్టు గల తంతులు సమంగా, స్పష్టంగా పలుకుతాయి. శుద్ధ నికెల్ చుట్టు గలవి మెత్తగా పలుకుతాయి. స్టెయిన్‌లెస్ స్టీలువి మిక్కిలి తేటగా మ్రోగుతాయి, తుప్పును చక్కగా తట్టుకొంటాయి. కాని మెట్లను కొంత త్వరగా అరగదీస్తాయి. మొదటి కొనుగోలుకు నికెల్ పూత తంతులే క్షేమమని మా అభిప్రాయం.

మన్నికకు మన ప్రాంతంలో పెద్ద శత్రువులు చెమట, వానాకాలపు తేమ. సన్నని రక్షణ పొర గల తంతులు ఎక్కువ కాలం నిలుస్తాయి. వెల కూడా ఎక్కువే. అనేకమంది చేతులు మారే కళాశాల వాద్యానికి ఆ అదనపు ఖర్చు గిట్టుబాటే. వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవడం ఖర్చు లేని రక్షణ. రోజూ వాయించేవారు రెండు మూడు నెలలకొకసారి తంతులు మార్చుకోవడం మంచిది. తంతులు పదేపదే ఒకేచోట తెగుతూంటే తంతిని నిందించరాదు. అచ్చట వాద్యం లోహపు అంచు మొనదేలి ఉన్నదేమో చూడవలెను.

శ్రుతి నిలకడ మరొక ముఖ్యాంశం. కొత్త తంతి సాగుతుంది. బిరడ వద్ద చుట్లు సర్దుకొంటాయి. కావున రెండు మూడు చుట్లు ఒకదాని ప్రక్క ఒకటి నీటుగా చుట్టి, మెల్లగా చేతితో లాగి, మరల శ్రుతి చేయవలెను. ఇది నాలుగైదు మార్లు చేసిన తరువాతనే వేదిక ఎక్కవలెను. 12వ మెట్టు మీద తంతిని తేలికగా తాకి పలికించిన స్వరమూ, నొక్కి పలికించిన స్వరమూ ఒకటి కావలెను. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే గుర్రాన్ని కొంచెం వెనుకకు జరపవలెను. తగ్గుగా ఉంటే ముందుకు జరపవలెను. మందం మార్చినప్పుడల్లా ఈ పరీక్ష తప్పనిసరి. ఎంత సరిచేసినా కలియకపోతే, తుప్పుతో, నొక్కులతో ఆ తంతి అంతటా ఒకే బరువుగా లేదని అర్థం. అట్టి తంతిపై ఎంత సాధన చేసినా చెవి చెడిపోవడమే గాని విద్య రాదు.

కళాశాల కార్యవర్గం వారికి ఒక విన్నపం. గిటారు ఒకసారి పెట్టే ఖర్చు. తంతులు ఏటేటా పెట్టవలసిన ఖర్చు. ఒక జట్టు కొన్ని వందల రూపాయలలో లభిస్తుంది. క్రీడలకు బంతులు, ప్రయోగశాలకు రసాయనాలు ఏటేటా కొంటున్నట్లే, సంగీతానికి తంతులు కొనవలెను. వాటిని మార్చిన తేదీని ఒక పుస్తకంలో వ్రాసి ఉంచే బాధ్యతను ఒక విద్యార్థికి అప్పగించవలెను. భౌతికశాస్త్ర అధ్యాపకులు సోనోమీటరు పాఠం చెప్పేనాడు గిటారును కూడ తరగతికి తెప్పించినచో, సూత్రమూ స్వరమూ ఒక్కసారే మనసుకెక్కుతాయి.

విద్యార్థి మిత్రులకు మరొక మాట. మీ చేతిలోని వాద్యం పలుకకపోతే ముందుగా తంతిని పరీక్షించండి. మిమ్ములను మీరు నిందించుకోకండి. ఖరీదైన గిటారు కొనే స్తోమత మనలో కొందరికే ఉంటుంది, తంతిని తెలిసి ఎన్నుకొనే వివేకం మాత్రం అందరికీ సాధ్యమే. వచ్చే విద్యాసంవత్సరపు పద్దులలో “తంతులు” అన్న ఒక్క మాట చేరినట్లయితే ఈ వ్యాసం ప్రయోజనం నెరవేరినట్లే.